ఆ సిగరెట్ ఏ పని చేస్తోంది?



ఈ పూట సిగరెట్ గురించి మాట్లాడుకుందాం. సిగరెట్ చెడ్డదని మీకు తెలుసు. పెట్టె మీద బొమ్మ కూడా అదే చెప్తోంది. ఆ సంగతి నేను మళ్ళీ చెప్పను. నేను చెప్పదలుచుకున్నది ఇంకొకటి. కొంతమంది యువతీయువకులు తమ ఈడువాళ్ళకంటే ఎక్కువగా సిగరెట్ కాలుస్తున్నారు. ఎందుకు? వాళ్ళు మానాలంటే మనం ఏం చెయ్యాలి? ఇదీ ఈ రోజు విషయం.

ఎవరు వాళ్ళు? మగవాళ్ళని ప్రేమించే మగపిల్లలు. ఆడవాళ్ళని ప్రేమించే ఆడపిల్లలు. ఆడా మగా ఇద్దరి మీదా ఇష్టం కలిగేవాళ్ళు. గే, లెస్బియన్, బైసెక్సువల్ అనే మాటలు మీరు వినే ఉంటారు. ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి కూడా మధ్యలో చెప్తాను.

ఈ మాట వినగానే కొందరికి రేడియో కట్టెయ్యాలని అనిపించవచ్చు. దయచేసి కట్టెయ్యకండి. వీళ్ళు ఎక్కడివాళ్ళో కాదు. మన ఇళ్ళల్లో పుట్టినవాళ్ళే. మన పిల్లలతో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళే. స్వలింగ ప్రేమ జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే తేల్చింది. మన దేశపు మానసిక వైద్యుల సంఘం 2018లో అదే మాట చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడి కలిసి ఉంటే అది నేరం కాదని కోర్టు చెప్పింది. జబ్బూ కాదు, నేరమూ కాదు. జబ్బు తెచ్చేది సిగరెట్. అందుకే దాని గురించి మాట్లాడుకోవాలి.

లెక్కలు రెండే చెప్తాను. ఈ లెక్కలు అమెరికావి. అక్కడ ప్రభుత్వం ఆరోగ్య సర్వే చేసేటప్పుడు, మిమ్మల్ని మీరు గే అనుకుంటారా, లెస్బియన్ అనుకుంటారా, బైసెక్సువల్ అనుకుంటారా అని కూడా అడుగుతుంది. అందుకని వాళ్ళకి తేడా తెలిసింది. 2020 సర్వే చూడండి. ఆడవాళ్ళని ఇష్టపడే మగవాళ్ళు, మగవాళ్ళని ఇష్టపడే ఆడవాళ్ళు, వీళ్ళలో ఎనిమిదిమందికి ఒకరు సిగరెట్ కాలుస్తున్నారు. గే, లెస్బియన్, బైసెక్సువల్ వాళ్ళలో ఆరుగురికి ఒకరు కాలుస్తున్నారు. ఎనిమిదికి ఒకరు ఒకవైపు. ఆరుగురికి ఒకరు ఇంకోవైపు. ఇది పెద్దవాళ్ళందరినీ కలిపి వేసిన లెక్క.

కుర్రవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. అమెరికాలో ఆహారాన్నీ మందులనీ చూసే ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. ఎఫ్‌డీఏ అంటారు. పొగాకు కూడా దాని అదుపులోనే ఉంది. 2016లో ఆ సంస్థ ఒక అంచనా చెప్పింది. ఆ దేశంలో 18 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న ఎల్‌జీబీటీ యువత, అంటే ఇందాక చెప్పిన గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ పిల్లలందరూ కలిపి, 20 లక్షలకి పైనే. వాళ్ళలో 8 లక్షలమందికి పైగా అప్పుడప్పుడు సిగరెట్ కాలుస్తున్నారు. రోజూ కాల్చేవాళ్ళు కాదు, అప్పుడప్పుడు. శనివారం రాత్రి ఒకటి, స్నేహితులు ఇస్తే ఒకటి. నాకేం అలవాటు లేదు అని వాళ్ళు అనుకుంటారు. అలవాటు మొదలయ్యేది అక్కడే. ఇంకొక సంగతి కూడా గుర్తు పెట్టుకోండి. బైసెక్సువల్ అమ్మాయిల్లో ఈ తేడా మరీ ఎక్కువగా కనిపిస్తోంది. వాళ్ళని గురించి మాట్లాడేవాళ్ళే తక్కువ.

ఎందుకు ఇలా జరుగుతోంది? వాళ్ళ పుట్టుకలో పొగాకు మీద మోజేమీ లేదు. కారణం వాళ్ళ చుట్టూ ఉంది.

ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు దీని మీద చాలాకాలం పనిచేశాడు. 2003లో ఆయన రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ అందరూ ఆధారంగా తీసుకుంటారు. ఆయన చెప్పింది నా మాటల్లో చెప్తాను. బతుకులో ఒత్తిడి అందరికీ ఉంటుంది. ఉద్యోగం, అప్పులు, ఆరోగ్యం. వీళ్ళకి ఆ పైన ఇంకో ఒత్తిడి ఉంటుంది. ఎవరో ఎగతాళి చేస్తారు, అది ఒకటి. ఎవరూ ఏమీ అనకపోయినా, ఎప్పుడు ఏమంటారో అని కాచుకుని ఉండటం ఇంకొకటి. అన్నిటికంటే బరువైనది దాచడం. ఫోన్ దాచాలి. పేరు దాచాలి. నవ్వు కూడా చూసుకుని నవ్వాలి. పెళ్ళిలో పిన్ని వచ్చి, నీ పప్పన్నం ఎప్పుడురా అంటుంది. ఆ అబ్బాయి నవ్వుతాడు. లోపల గుండె కొట్టుకుంటుంది. ఇలా రోజూ. ఇంట్లో, ఆఫీసులో, హాస్టల్లో. ఎవరో కొట్టినందుకే మనిషి అలిసిపోతాడని అనుకోకండి. దాచీ దాచీ కూడా అలిసిపోతాడు.

అలా అలిసిపోయినవాళ్ళు ఎక్కడికి వెళ్తారు? తమలాంటివాళ్ళు ఉన్న చోటికి. అమెరికా నగరాల్లో చాలాకాలం ఆ చోటు బారే. చర్చిలోకి రానివ్వలేదు, ఇంట్లో ఉండనివ్వలేదు, పార్కులో పోలీసులు పట్టుకునేవాళ్ళు. మిగిలింది బారు. 1969లో న్యూయార్క్‌లో వాళ్ళ హక్కుల పోరాటానికి పెద్ద మలుపు వచ్చింది. అది జరిగింది కూడా స్టోన్‌వాల్ ఇన్ అనే బార్లోనే. నేను నేనుగా ఉండగలిగే చోటు ఇదొక్కటే అనిపించిన చోట, చుట్టూ అందరి చేతుల్లో గ్లాసు, అందరి వేళ్ళ మధ్య సిగరెట్. కొత్తగా వచ్చిన కుర్రాడు ఎవరితోనైనా మాట కలపాలి. అగ్గిపెట్టె ఉందా అని అడుగుతాడు. మాట కలుస్తుంది. సిగరెట్ కూడా కలుస్తుంది.

ఈ సంగతి సిగరెట్ కంపెనీలు బాగా గమనించాయి. ఇక్కడ కాసేపు ఆగుతాను. ఈ కథ తెలుసుకోవాల్సిందే.

1990లో అమెరికాలో యాక్ట్ అప్ అనే ఎయిడ్స్ ఉద్యమ సంఘం ఒక పిలుపు ఇచ్చింది. మార్ల్‌బరో సిగరెట్ కొనకండి, మిల్లర్ బీరు తాగకండి అన్నది. రెండూ ఫిలిప్ మోరిస్ కంపెనీ సరుకులే. అయితే ఆ పిలుపుకి కారణం సిగరెట్ చేసే హాని కాదు. జెస్సీ హెల్మ్స్ అనే సెనేటర్‌కి ఆ కంపెనీ అండగా ఉండేది. ఆయన స్వలింగ ప్రేమికులంటే మండిపడేవాడు. అదీ వాళ్ళ కోపం. మరుసటి ఏడు కంపెనీ రాజీకి వచ్చింది. ఎయిడ్స్ సంస్థలకి విరాళాలు పెంచుతామన్నది. ఆ బహిష్కరణ ఆగింది. చేతికి డబ్బు వచ్చింది. ఆ డబ్బుతో ప్రాణాలు నిలిచి ఉంటాయి కూడా. ఎయిడ్స్‌తో స్నేహితులు కళ్ళముందు చనిపోతున్న రోజులవి. తీసుకున్నవాళ్ళని నేను తప్పు పట్టలేను. కానీ ఊపిరితిత్తులని తినే సరుకు గురించి అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడలేకపోయారు.

ఆ తర్వాత 1992లో అదే కంపెనీ, గే పాఠకులు చదివే జాన్రా అనే పత్రికలో సిగరెట్ ప్రకటన వేసింది. ఒక పెద్ద సిగరెట్ కంపెనీ గే పత్రికలో ప్రకటన ఇవ్వడం అప్పట్లో వార్త అయింది. మీరు ఆ పాఠకుడి స్థానంలో ఉండి ఆలోచించండి. టీవీలో నీలాంటివాడు లేడు. సబ్బు ప్రకటనలో లేడు, బ్యాంకు ప్రకటనలో లేడు. ఇంట్లో వాళ్ళు కూడా నీ పేరు ఎత్తరు. అప్పుడు ఒక పెద్ద కంపెనీ వచ్చి నిన్ను పలకరించింది. ఎవరూ పలకరించనివాళ్ళని పలకరిస్తే వాళ్ళు ఎంత మెత్తబడతారో మనకి తెలుసు. కంపెనీలకీ తెలుసు.

ఇక 1995. ఈసారి ఇంకో కంపెనీ. ఆర్. జె. రేనాల్డ్స్. కేమెల్ సిగరెట్ వాళ్ళదే. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో సిగరెట్ అమ్మకాలు పెంచడానికి వాళ్ళు ఒక పథకం రాసుకున్నారు. ఎవరికి అమ్మాలి? క్యాస్ట్రో అనే పేటలో ఉండే గే జనానికి. టెండర్లాయిన్ అనే పేటలో రోడ్డు మీద బతికేవాళ్ళకి. వీళ్ళల్లో పొగ తాగేవాళ్ళు, మత్తు పదార్థాలు వాడేవాళ్ళు ఎక్కువ అని కూడా రాసుకున్నారు. అంటే వాళ్ళ కష్టం తెలిసే రాసుకున్నారు. ఆ పథకానికి పెట్టిన పేరు ప్రాజెక్ట్ స్కమ్. ఇంగ్లీషులో స్కమ్ అంటే మురికి నీళ్ళ మీద తేలే తెట్టు. మనుషుల్ని అంటే అంతకంటే పెద్ద తిట్టు ఉండదు. తమ సరుకు కొనబోయే మనుషులకి కంపెనీ లోపల పెట్టుకున్న పేరు అది. తర్వాత ఆ కాగితం మీద ఎవరో ఆ పేరు కొట్టేసి వేరే పేరు రాశారు. కొట్టేసిన పేరు మాత్రం కింద కనిపిస్తూనే ఉంది.

ఇదంతా బయటికి ఎలా వచ్చింది? 1998 నవంబరులో 46 అమెరికా రాష్ట్రాలు సిగరెట్ కంపెనీలతో ఒక ఒప్పందం చేసుకున్నాయి. కంపెనీలు లోపలి కాగితాలు జనం ముందు పెట్టాలని అందులో ఉంది. ఇప్పుడు వాటిని శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం భద్రపరిచింది. లక్షల కాగితాలు. ఎవరైనా చదవచ్చు. అక్కడి పరిశోధకులు ఎలిజబెత్ స్మిత్, రూత్ మలోన్ ఆ కాగితాలు తిరగేసి, ఫిలిప్ మోరిస్ గే జనాన్ని ఎలా దగ్గరికి తీసిందో రాశారు.

అదే శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో 2018 జూన్‌లో ఓటింగ్ జరిగింది. మెంథాల్‌తో సహా రుచులు కలిపిన పొగాకు అమ్మకాన్ని నిషేధించే చట్టం ఉండాలా, వద్దా? మెంథాల్ గొంతులో చల్లగా ఉంటుంది. మంట తెలియదు. కొత్తవాడికి దగ్గు రాదు. గే, లెస్బియన్, బైసెక్సువల్ పొగరాయుళ్ళలో మెంథాల్ తాగేవాళ్ళు ఎక్కువని సర్వేలు చెప్పాయి. ఆ చట్టం రాకుండా ఆపడానికి రేనాల్డ్స్ కంపెనీ కోటి డాలర్లకి పైగా ఖర్చు పెట్టింది. అయినా 68 శాతం మంది చట్టం ఉండాలనే ఓటేశారు. తెట్టు అనిపించుకున్న ఊరు కంపెనీకి చెప్పిన జవాబు అది.

సరే. కంపెనీ సంగతి విన్నారు. ఇప్పుడు కాల్చే మనిషి దగ్గరికి వద్దాం. సిగరెట్ కాలిస్తే మనసు కుదుటపడుతుంది అని అంటారు. అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళకి నిజంగానే అలా అనిపిస్తుంది. ఎలా అనిపిస్తుందో చెప్తాను. పొగ పీల్చిన కొద్ది సెకన్లలోనే నికోటిన్ మెదడుకి చేరుతుంది. హాయిగా ఉంటుంది. రెండు గంటలు గడిచేసరికి రక్తంలో ఆ నికోటిన్ సగమైపోతుంది. అప్పుడు చిరాకు మొదలవుతుంది. చెయ్యి పని మీద నిలవదు. ఇంకొకటి వెలిగిస్తే ఆ చిరాకు పోతుంది. అమ్మయ్య అనిపిస్తుంది. కానీ ఆ చిరాకు ఎక్కడిది? ముందు కాల్చిన సిగరెట్ తెచ్చిందే కదా. ఇది వడ్డీకి అప్పు తెచ్చి పాత వడ్డీ కట్టడం లాంటిది. కట్టిన పూట ఊపిరి పీల్చుకుంటాం. అసలు అలాగే ఉంటుంది. ఆ కుర్రవాడి అసలు కష్టం, అంటే దాచడం, భయం, ఒంటరితనం, వీటిలో సిగరెట్ ఒక్క రూపాయి కూడా తీర్చలేదు.

దీనికి రుజువుంది. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన వచ్చింది. 26 అధ్యయనాలని కలిపి చూశారు. సిగరెట్ మానేసినవాళ్ళనీ, మానకుండా కాలుస్తున్నవాళ్ళనీ పోల్చారు. మానేసినవాళ్ళకే ఆందోళన తగ్గింది. దిగులు తగ్గింది. ఒత్తిడి తగ్గింది. మానేస్తే మనసు పాడవుతుందని అందరూ భయపడతారు. జరిగింది దానికి తలకిందులు. మొదటి వారం కష్టమే. మూడు నాలుగు వారాలు చిరాకుగానే ఉంటుంది. ఆ తర్వాత తేలిక పడుతుంది.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు మాట. దయచేసి గుర్తు పెట్టుకోండి. మానెయ్ అని చెప్పేముందు, ఆ సిగరెట్ ఏ పని చేస్తోందో కనుక్కోండి. మళ్ళీ చెప్తున్నాను. మానెయ్ అని చెప్పేముందు, ఆ సిగరెట్ ఏ పని చేస్తోందో కనుక్కోండి. ఆ పని వేరే విధంగా జరిగితేనే సిగరెట్ చెయ్యి జారుతుంది.

ఒక అబ్బాయిని ఊహించుకోండి. ఊరు తెనాలి అనుకుందాం. డాలస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు అనుకుందాం. ఆదివారం పొద్దున్న అమ్మతో వీడియో కాల్. ఇక్కడ మనకి రాత్రి. అమ్మ ప్రేమగానే మాట్లాడుతుంది. తిన్నావా నాన్నా అంటుంది. తర్వాత, మంచి సంబంధం వచ్చింది నాన్నా, అమ్మాయి ఫోటో పంపించాను, చూశావా అంటుంది. చూస్తానమ్మా అంటాడు. ఫోన్ పెట్టేస్తాడు. మెట్లు దిగి కిందికి వెళ్ళి సిగరెట్ వెలిగిస్తాడు. ఒకటి కాదు, రెండు. వారమంతా మానినవాడు ఆదివారం మాత్రం ఆగలేడు.

ఇక్కడ సిగరెట్ ఏ పని చేస్తోంది? అమ్మకి చెప్పలేని మాటని మింగడానికి సాయం చేస్తోంది. అంతే. ఈ అబ్బాయికి ఊపిరితిత్తుల బొమ్మ చూపిస్తే లాభం ఏముంది? ఇతనికి కావలసింది, ఆ ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో మాట్లాడటానికి ఒక మనిషి. గదిలో స్నేహితుడు కావచ్చు. ఇండియాలో ఉన్న అక్క కావచ్చు. అక్కా, అమ్మ మళ్ళీ సంబంధం ఎత్తింది అని చెప్పుకోగలిగితే చాలు. సిగరెట్ తాగాలన్న తహతహ ఒక్కసారి వస్తే కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాలు అక్క గొంతు వింటే దాటిపోతుంది. ఆదివారం కాల్ తర్వాత ఏం చెయ్యాలో శనివారమే అనుకుని పెట్టుకోవాలి. ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఏ దారిలో నడవాలి అని. అప్పటికప్పుడు ఆలోచిస్తే చెయ్యి జేబులోకే పోతుంది.

ఇప్పుడు ఒక అమ్మాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆఫీసులో తన సంగతి ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళు ముగ్గురే స్నేహితులు. ఆ ముగ్గురూ సాయంత్రం టీ కొట్టు దగ్గర కలుస్తారు. విడి సిగరెట్లు కొనుక్కుంటారు. రోజంతా బిగబట్టుకున్న మాటలు అక్కడే బయటికి వస్తాయి. ఈ అమ్మాయితో సిగరెట్ మానమంటే ఆమెకి ఏం వినిపిస్తుంది? ఆ ముగ్గుర్నీ మానెయ్ అని వినిపిస్తుంది. ఆ ముగ్గురూ లేకపోతే ఆమెకి ఈ ఊళ్ళో ఎవరూ లేరు. అందుకని మానదు. మనం మొండిది అంటాం.

ఆమెకి చెప్పాల్సిన మాట వేరు. స్నేహితుల్ని ఉంచుకో, టీ ఉంచుకో, సిగరెట్ ఒక్కటి పక్కన పెట్టు అని చెప్పాలి. ముగ్గురిలో ఒకరినైనా తోడు తెచ్చుకోమనాలి. ఇద్దరు కలిసి మానితే టీ కొట్టు దగ్గర ఇద్దరి చేతుల్లోనూ టీ గ్లాసే ఉంటుంది. కొన్ని వారాలు ఆ కొట్టు మార్చి, పొగ లేని చోట కలుసుకుంటే ఇంకా మంచిది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇలాంటి ఆలోచనతోనే 1990ల మొదట్లో ద లాస్ట్ డ్రాగ్ అనే తరగతులు మొదలయ్యాయి. గే, లెస్బియన్, ట్రాన్స్ వాళ్ళు తమలాంటి వాళ్ళ మధ్య కూర్చుని సిగరెట్ మానడం నేర్చుకుంటారు. డబ్బు తీసుకోరు. అక్కడ ఎవరూ ఏదీ దాచక్కర్లేదు. సిగరెట్ ఇచ్చిన తోడుని సిగరెట్ లేకుండా ఇచ్చారు. ఇది నాకు చాలా నచ్చిన పని. 2016లో ఎఫ్‌డీఏ కూడా యువత కోసం దిస్ ఫ్రీ లైఫ్ అనే ప్రచారం మొదలుపెట్టింది. 12 చోట్ల. అందులో భయపెట్టే బొమ్మల కంటే, సిగరెట్ లేకుండానే నువ్వు నువ్వుగా ఉండచ్చు అనే మాటే ముందు ఉండేది. ఆ ఖర్చుకి డబ్బు పొగాకు కంపెనీలు కట్టే రుసుము నుంచే వచ్చింది.

ట్రాన్స్‌జెండర్ వాళ్ళ గురించి చెప్తానన్నాను. ఈస్ట్రోజన్ హార్మోన్ వాడే ట్రాన్స్ మహిళలు సిగరెట్ కాలిస్తే రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. హార్మోన్ మొదలుపెట్టేముందు ఈ సంగతి డాక్టర్‌తో తప్పకుండా మాట్లాడాలి. భయపడి దాచకండి. మీ డాక్టర్‌కి మీరు సిగరెట్ కాలుస్తున్నారని తెలియాలి.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట. స్వలింగ ప్రేమికులందరికీ హెచ్‌ఐవీ ఉంటుందని కాదు. ఎవరికి ఉన్నా ఇది వినాలి. 2013లో డెన్మార్క్ పరిశోధకులు ఒక లెక్క తేల్చారు. 35 ఏళ్ళ వయసు, హెచ్‌ఐవీ ఉంది, మందులు వాడుతున్నారు. సిగరెట్ అలవాటు లేకపోతే సుమారు 78 ఏళ్ళ దాకా బతుకుతారు. కాలిస్తే సుమారు 63 ఏళ్ళు. మందులు చక్కగా వాడుకునేవాళ్ళకి ఆయుష్షు ఎక్కువగా తగ్గేది వైరస్ వల్ల కాదు. సిగరెట్ వల్ల.

ఇక అమ్మానాన్నలతో నాలుగు మాటలు. మీ పిల్లవాడి జేబులో సిగరెట్ కనిపించింది. కోపం వస్తుంది. సహజమే. ముందు ఒకటి తెలుసుకోండి. సిగరెట్ కాల్చే పిల్లలందరూ స్వలింగ ప్రేమికులని నేను చెప్పడం లేదు. ఆ ప్రశ్న వేసి నిలదీయకండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పుకునేదాకా ఆ మాట వాళ్ళది. మీకు తెలిసినా చుట్టాలకి చెప్పకండి. మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే. నీకు ఎప్పుడు ఎక్కువగా కాల్చాలనిపిస్తుంది నాన్నా? అడిగి ఊరుకోండి. జవాబు రావడానికి ఒక రోజు పట్టచ్చు, ఒక నెల పట్టచ్చు. మధ్యలో తిట్టకండి.

మన ఇంటి మాటలు కూడా ఒకసారి చూసుకోవాలి. టీవీలో ఎవరినో చూసి మనం నవ్వుతాం. పాయింట్‌ఫైవ్ అనో, ఇంకేదో అనో అంటాం. పక్కన కూర్చున్న పిల్ల మౌనంగా వింటుంది. ఇక ఈ ఇంట్లో నా మాట చెప్పకూడదు అని ఆ క్షణమే తేల్చుకుంటుంది. ఆ మాట మీకు గుర్తు కూడా ఉండదు. ఆమెకి ఎన్నేళ్ళైనా గుర్తుంటుంది.

ఇది ఉత్త సెంటిమెంటు కాదు. కెయిట్లిన్ రయన్ అనే పరిశోధకురాలు కాలిఫోర్నియాలో 21 నుంచి 25 ఏళ్ళ స్వలింగ ప్రేమికులని కలిసి వాళ్ళ ఇళ్ళ సంగతులు కనుక్కుంది. 2009లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇంట్లో బాగా తిరస్కారం చూసినవాళ్ళలో ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్ళు, అంత తిరస్కారం లేనివాళ్ళకంటే ఎనిమిది రెట్లకి పైగా ఉన్నారు. మత్తు పదార్థాలు వాడేవాళ్ళు మూడు రెట్లకి పైగా ఉన్నారు. ఆ పరిశీలనలో సిగరెట్ మీద విడిగా లెక్క చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇంటి మాట పిల్లల ఒంటి మీద పడుతుందని చెప్పడం నా ఉద్దేశం. రయన్ చెప్పేదింకొకటి ఉంది. తల్లిదండ్రులు ఒక్కసారిగా అన్నీ ఒప్పేసుకోనక్కర్లేదు. తిట్టడం ఆపినా పిల్లలకి మేలు జరుగుతుంది. వాళ్ళ స్నేహితుణ్ణి ఇంటికి భోజనానికి పిలిచినా మేలు జరుగుతుంది. డాలస్ అబ్బాయి వాళ్ళమ్మ ఆదివారం కాల్‌లో సంబంధం మాట ఎత్తకుండా, ఈ వారం ఎలా గడిచింది నాన్నా అని అడిగితే, ఆ రోజుకి ఆ రెండు సిగరెట్ల పని ఉండకపోవచ్చు.

ఇక కాలుస్తున్న మీతో. ఈ ప్రసంగం ఇయర్‌ఫోన్‌లో ఒంటరిగా వింటున్న మీతో. ఒక వారం పాటు, వెలిగించేముందు ఒక్క క్షణం ఆగండి. ఇది ఇప్పుడు నాకు ఏ పని చేస్తోంది అని అడగండి. భయం తగ్గించుకోవడానికా? నలుగురిలో కలవడానికా? ఉత్త నికోటిన్ చిరాకు పోగొట్టుకోవడానికా? ఫోన్లో ఒక్క మాట రాసుకోండి. వారం తిరిగేసరికి మీకే తెలుస్తుంది. భయానికైతే మనిషి కావాలి. నలుగురిలో కలవడానికైతే పొగ లేని చోటు కావాలి. నికోటిన్ చిరాకైతే మందు ఉంది. నికోటిన్ చూయింగ్ గమ్ మందుల షాపులో దొరుకుతుంది. డాక్టర్‌ని అడిగితే ఇంకా మందులున్నాయి. పట్టుదల ఒక్కదానితో మానేవాళ్ళకంటే, మందూ సలహా రెండూ తీసుకున్నవాళ్ళు ఎక్కువమంది మానగలుగుతున్నారు. ఒకసారి మాని మళ్ళీ మొదలుపెట్టినా సిగ్గుపడకండి. చాలామంది కొన్నిసార్లు ప్రయత్నించాకే పూర్తిగా మానతారు.

ఒంటరిగా చెయ్యలేకపోతే ఫోన్ చెయ్యండి. పొగాకు మానాలనుకునేవాళ్ళ కోసం మన దేశంలో ప్రభుత్వ ఫోన్ నంబరు ఉంది. డబ్బు పడదు. మీరు ఎవరిని ప్రేమిస్తారో అక్కడ చెప్పనక్కర్లేదు. చెప్పాలనిపిస్తే చెప్పండి. నంబరు మీరు ఇంతకుముందు చూసే ఉంటారు. 2018 నుంచి సిగరెట్ పెట్టెల మీదే అచ్చు వేస్తున్నారు. పెన్ను తీసుకోండి. నెమ్మదిగా చెప్తాను. 1800 11 2356. ఒకటి, ఎనిమిది, సున్నా, సున్నా. ఒకటి, ఒకటి. రెండు, మూడు, ఐదు, ఆరు. అమెరికాలో ఉండి వింటున్నవాళ్ళకి అక్కడి నంబరు 1 800 784 8669. అది కూడా ఉచితమే.

ఇక్కడి నంబరు మరొక్కసారి. 1800 11 2356. మీకు అక్కర్లేకపోయినా రాసి పెట్టుకోండి. ఈ వారంలో మీకు తెలిసిన ఒక అబ్బాయికో అమ్మాయికో ఇవ్వండి. ఇచ్చేటప్పుడు తిట్టకండి. పక్కన కూర్చోండి.